చిత్తుప్రతికి తాళం

ఆ ఇంట్లో రోజూ మధ్యాహ్నం రెండింటికీ మూడున్నరకీ మధ్య దొంగతనం జరిగేది. ఆదివారాలు సెలవు. దొంగకి అరవై రెండేళ్ళు. చప్పుడవుతుందని చెప్పులు హాల్లోనే విడిచి, వట్టికాళ్ళతో కంప్యూటరు గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకునేవాడు. అరగంట తర్వాత బయటికొచ్చి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చునేవాడు. గదిలోంచి పూచికపుల్ల కూడా పోయేది కాదు. పైగా ఆయన వెళ్ళొచ్చాక లోపలి సరుకు ముందుకంటే కాస్త బాగుపడేది.

ఈ దొంగగారిని వీధిలో ప్రూఫు మాస్టారంటారు. పాఠాలు చెప్పి మాస్టారైన మనిషి కాదు. ముప్ఫై ఏడేళ్ళు ఒకే అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది, కనబడిన ప్రతి రాతనీ దిద్దే జబ్బు పట్టించుకుని, ఆ పేరు సంపాదించాడు. ప్రూఫులు దిద్దే ఉద్యోగం పాపిష్టిది. పుస్తకం బాగుంటే రాసినవాడిది గొప్ప, అచ్చు బాగుంటే యంత్రానిది గొప్ప, పొరపాటు దొర్లితే మాత్రం "దీన్ని దిద్దిందెవడు?" అంటారు. అయినా ఆయనకి ఆ పనంటే ప్రాణం. రెండేళ్ళ క్రితం ఒక గోడగడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపించేశాక, ఆ ప్రాణానికి ఎక్కడ కుదురుకోవాలో తెలియలేదు. మొదటి మూడు నెలలూ సబ్బుపెట్టెల మీదా మందుసీసాల మీదా ఉన్న రాతల్ని ఎర్రపెన్సిల్‌తో దిద్దాడు. కోడలు ఫోన్లో పంపిన మెసేజీలు దిద్ది తిరిగి ఆ పిల్లకే పంపాడు. చివరికి గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు.

ఆయన భార్యని కంటి డాక్టరమ్మ టైపమ్మ అని పిలిచేది. వీధి కూడా ఆ పేరే ఖాయం చేసింది. ఇరవై రెండేళ్ళుగా డాక్టరమ్మ ఉత్తరాలన్నీ ఈవిడ చేతిమీదుగానే వెళ్తున్నాయి. మొదట్లో క్లినిక్‌కి వెళ్ళి చేసేది. మోకాళ్ళు మొరాయించాక ఇంట్లోనే ఒక డెస్క్‌టాప్ పెట్టించుకుంది. పొద్దున్నే డాక్టరమ్మ చేత్తో రాసిన చీటీల ఫోటోలు మెయిల్లో వస్తాయి. ఆ రాత చదవగలిగినవాళ్ళు లోకంలో ఇద్దరే, టైపమ్మా, క్లినిక్ పక్కన మందులషాపు అతనూ. రాసినావిడకి కూడా ఒక్కోసారి అనుమానమే. ఈ రెండేళ్ళలో మాస్టారు మూడోవాడయ్యాడు గానీ, ఆ సంగతి బయటికి చెప్పుకునే వీల్లేదు.

టైపమ్మ ఆ చీటీల్ని శుభ్రమైన ఉత్తరాలుగా కొట్టి, పెద్దాసుపత్రికి వెళ్ళేవి పెద్దాసుపత్రికి, వేరే డాక్టర్లకి వెళ్ళేవి వాళ్ళకి, మెయిళ్ళకి జతచేసి డ్రాఫ్టుల్లో పెడుతుంది. వెంటనే పంపదు. భోజనం చేసి, రెండింటికి నడుం వాల్చి, మూడున్నరకి లేచి టీ తాగి, నాలుగింటికి అన్నీ మరోసారి చూసుకుని అప్పుడు పంపుతుంది. "దేన్నీ వేడివేడిగా వడ్డించకూడదు, నోరు కాలుతుంది" అంటుంది ఎవరైనా అడిగితే.

ఆ నిద్రవేళే దొంగకి అదను. మొదలైంది కూడా ఆ వేళలోనే. గడ్డం పెరిగిన రోజుల్లో ఒక మధ్యాహ్నం తోచక ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, కంప్యూటరు గదిలో తెర వెలుగుతూ కనిపించింది. ఆపుదామని కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు ఊరుకుంటాయా? ఒక ముసలాయన గురించి పెద్దాసుపత్రికి రాసిన మెయిల్‌కి ఎవరో పాపాయి కాగితం జతచేసి ఉంది. గబగబా సరైన కాగితం వెతికి జతచేసి, తెరని ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలి వచ్చేశాడు. మర్నాడు, ఉత్త అనుమానం తీర్చుకుందామని, మళ్ళీ వెళ్ళాడు. కుడి కన్ను అని ఉండాల్సిన చోట ఎడమ కన్ను అని ఉంది. ఆ మర్నాడు ఆపరేషను తేదీ తప్పు. ఇక రోజూ ఒకటో రెండో దొరుకుతూనే ఉన్నాయి.

ఆయన నోట్లో నువ్వుగింజ నానదని చుట్టుపక్కలంతా ప్రసిద్ధి. పక్కింట్లో ఉద్యోగం మారుతున్న సంగతి పక్కింటివాళ్ళ పిల్లలకంటే ముందు వీధికి చెప్పిన ఘనుడు. అలాంటివాడు ఈ ఒక్క రహస్యాన్ని రెండేళ్ళు కడుపులో పెట్టుకున్నాడు. "నా చేతిలో తప్పు పోదు" అన్నది టైపమ్మ జీవితం మొత్తానికి చెప్పుకున్న ఒకే ఒక గొప్ప. పోతోందని తెలిస్తే ఆవిడ ఆ రోజే పని మానేస్తుంది. పని మానేసిన మనిషి ఎలా ఉంటుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకని, తన కంట్లో చూపున్నంతకాలం ఆవిడ చేతిలో తప్పు పోకూడదని గట్టిగా అనుకున్నాడు. రోగుల గుట్టుమట్లు ఆయనకి అక్కర్లేదు. ప్రూఫు దిద్దేవాడు చూస్తాడు గానీ చదవడు. ఈ కాపలా మొదలయ్యాక తను మళ్ళీ రోజూ గడ్డం గీసుకుంటున్నాడని మాత్రం ఆయన గమనించుకోలేదు.

ఇలా గుట్టుగా సాగుతుండగా డాక్టరమ్మ దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. టీ తాగుతూ టైపమ్మ పైకి చదివింది. "వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రోగుల ఉత్తరాలన్నీ ఎన్‌క్రిప్షన్ చేసే పంపాలి. రాసినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మూడో మనిషి చదవడానికి వీల్లేదు. మీ డెస్క్‌టాప్‌కి ఏ సాఫ్ట్‌వేర్ కుదురుతుందో చూసుకుని చెప్పండి."

మూడో మనిషి టీ కప్పు కింద పెట్టేశాడు.

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకే ఈ హంగామా?" అన్నాడు.

"మంచిదే కదండీ. ఎవరి కళ్ళ సంగతి వాళ్ళది. ఆదివారం అమ్మాయిని రమ్మంటాను, దానికి ఇవన్నీ బాగా తెలుసు."

అమ్మాయి అంటే కోడలు. ఒక బ్యాంకులో కంప్యూటర్ల విభాగంలో పని. రెండు వీధుల అవతలే కాపురం. ఆదివారం పొద్దున్నే వచ్చి, అత్తగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మాస్టారు పిలవని పేరంటానికి వచ్చినట్టు వెనకాల నిలబడ్డాడు.

"ఉన్నవి బోలెడు అత్తయ్యా, మీకు పనికొచ్చేవి మూడు," అంది కోడలు. "మొదటిది మీరు వాడే మెయిల్ ప్రోగ్రాంలోనే ఇమిడిపోతుంది. ఎలాగంటే, మీరు తెరిచి ఉన్న తాళంకప్పలు ఒక వంద చేయించి తెలిసినవాళ్ళందరికీ పంచారనుకోండి. మీకేదైనా పంపాలంటే వాళ్ళు పెట్టెలో పెట్టి మీ కప్ప నొక్కేస్తారు. నొక్కాక వాళ్ళు కూడా తీయలేరు. తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. అలాగే డాక్టరమ్మ కప్ప మీ దగ్గర, పెద్దాసుపత్రి వాళ్ళ కప్ప మీ దగ్గర."

"ఆ చెవి పోతేనో?" అన్నాడు మాస్టారు.

"పోకూడదు మావయ్యా. దానికి మళ్ళీ ఒక రహస్యవాక్యం ఉంటుంది. అది మరిచిపోతే ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరుచుకోదు."

"సరే సరే. ఈ తాళం పడేది పంపేటప్పుడే కదా?" ఈ ప్రశ్న ఆయన చాలా మామూలుగా అడిగాననుకున్నాడు.

"అబ్బే, డ్రాఫ్టులో పెట్టిన క్షణమే పడిపోతుంది. అదే దీని గొప్ప."

"చిత్తుప్రతికి తాళమేంటమ్మా! చిత్తు అంటేనే దిద్దుకోవడానికి కదా!"

ఆ అరుపుకి కోడలు ఉలిక్కిపడింది. టైపమ్మ కళ్ళజోడు పైనుంచి ఆయన్ని ఒకసారి చూసి, "మీరు కూర్చోండి, నిలబడితే ఆవేశం ఎక్కువవుతోంది," అంది.

రెండోది కొనుక్కునే సాఫ్ట్‌వేర్. ఇనప్పెట్టెలాగా దానికి వేరే కిటికీ ఉంటుంది. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే తనంతట తనే మూత వేసుకుంటుంది. కోడలు చేసి చూపిస్తుంటే మాస్టారు గుచ్చిగుచ్చి అడగడంలో ఆ ఐదు నిమిషాలూ అయిపోయి, మూత పడిపోయింది. "ఇది మనిషిని ఆలోచించుకోనివ్వదు" అని ఆయన తీర్పు చెప్పేశాడు.

"మూడోది వెబ్‌సైటు. ఉత్తరాలు డెస్క్‌టాప్‌లో మామూలుగానే ఉంటాయి. పంపేటప్పుడు సైటులోకి వెళ్ళి తాళం వేసి పంపాలి. కానీ ఇది నేను వద్దంటాను. పంపేదాకా ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అన్నీ చదివేయొచ్చు."

"ఇదే బాగుంది!" అన్నాడు మాస్టారు.

కోడలు వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూసింది. కరెంటు బిల్లు వెబ్‌సైటులో కడతానంటే ఇల్లు దోచేస్తారని మూడు రోజులు భోజనం సరిగ్గా చెయ్యని మనిషి ఈయనే.

ఆ వారమంతా మాస్టారు వెబ్‌సైటు తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీసి, మూడో గడి నిండా గుణాలే రాశాడు. పొద్దున టీ దగ్గర దాని సుఖం చెప్పాడు, రాత్రి భోజనం దగ్గర దాని వినయం చెప్పాడు. అన్నింటికీ టైపమ్మ "ఊ" అంది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో డాక్టరమ్మ రాతనైనా చదవగలిగాడు గానీ, ఈ "ఊ"కి అర్థం ఆయనకి ఇంతవరకూ అంతుపట్టలేదు. శనివారం పొద్దున ఆవిడ కోడలికి ఫోను చేసి, "మొదటిదే పెట్టించుకుంటానమ్మా" అని చెప్పేసింది.

కోడలు వచ్చి పెట్టింది. రహస్యవాక్యం కొట్టాల్సిన సమయానికి టైపమ్మ వెనక్కి తిరిగి, "ఏమండీ, పొయ్యి మీద పాలు చూడండి, పొంగుతాయి," అంది. ఆయన పరుగెత్తాడు. పొయ్యి మీద పాలూ లేవు, పొయ్యిలో మంటా లేదు. తిరిగొచ్చేటప్పుడు ఎప్పట్లాగే ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంది. గుమ్మాన్ని తిట్టుకుంటూ లోపలికొచ్చేసరికి పని అయిపోయింది.

సోమవారం మధ్యాహ్నం వట్టికాళ్ళతో వెళ్ళి కూర్చున్నాడు. డ్రాఫ్టుల్లో పదకొండు ఉత్తరాలున్నాయి. పదకొండింటికీ చిన్న తాళం బొమ్మ ఉంది. ఒకటి నొక్కితే రహస్యవాక్యం అడిగింది. పెళ్ళి తేదీ కొట్టాడు, కుదరదంది. మనవరాలి ముద్దుపేరు కొట్టాడు. అత్తగారి ఇంటి నంబరు కొట్టాడు. సిగ్గు విడిచి తన పేరు కూడా కొట్టి చూశాడు. కంప్యూటరు అత్తవారింటి కొత్తల్లుడిలా బిగదీసుకుని కూర్చుంది. ఏదో నొక్కితే ఉత్తరమైతే తెరుచుకుంది గానీ, లోపల ఒక్క మాట కూడా మాటలా లేదు. ముప్ఫై ఏడేళ్ళలో ఘోరమైన ప్రూఫులు ఎన్నో చూశాడు. దిద్దడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని ప్రూఫు చూడటం ఇదే మొదటిసారి.

నాలుగింటికి టైపమ్మ ఆ పదకొండూ పంపేసింది. మాస్టారికి రాత్రి ముద్ద దిగలేదు. వాటిలో ఒకటో రెండో తప్పులుండి తీరతాయి. ఏ పేదరాలికో మంచి కన్ను కోసేస్తేనో? మంగళవారం కూడా అంతే. ఈవిడకి చెప్పేద్దామంటే ఆవిడ మొహం ఎలా వాడిపోతుందో ముందే కనబడుతోంది. చెప్పకపోతే ఎవరి కన్నో పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బుధవారం ఆ కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం వెతుకుతున్నారు?"

ఉలిక్కిపడి తిరిగాడు. టైపమ్మ ఆయన ఎడమ పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఐదు నిమిషాలైంది నేనొచ్చి," అంది ఆవిడ.

ఇక దాచడం ఆయన వల్ల కాలేదు. "నన్ను తిట్టుకోకు. నీ ఉత్తరాల్లో తప్పులు పోతున్నాయే. రెండేళ్ళుగా పోతున్నాయి. నువ్వు పడుకున్నప్పుడు రోజూ వచ్చి దిద్దుతున్నాను. నీ మనసు కష్టపడుతుందని చెప్పలేదు. ఇప్పుడీ తాళం పడ్డాక నాకు చేతులు కట్టేసినట్టుంది. ఎవరి కళ్ళేమైపోతాయో అని రెండు రాత్రులుగా నిద్ర లేదు," అన్నాడు. అనేటప్పటికి ఆయన కళ్ళు నిండిపోయాయి.

టైపమ్మ ఇంకో కుర్చీ జరుపుకుని కూర్చుంది. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"తప్పులున్నాయని. పెట్టేది నేనే కదండీ."

మాస్టారికి ఆ మాట బుర్రకెక్కలేదు.

"అంటే?"

"రోజూ రెండో మూడో పెట్టి పడుకునేదాన్ని. లేచాక మీరు దిద్దినవి చూసుకుని, వదిలేసినవి నేను దిద్ది పంపేదాన్ని. సోమవారం, మంగళవారం ఏమీ పెట్టలేదు. ఎవరి కళ్ళకీ ఏమీ కాలేదు."

"మొదటి రోజు... ఆ పాపాయి కాగితం?"

"అదీ నేనే. తెర వెలుగుతూ వదిలేసింది కూడా నేనే. మీరు చూడకుండా ఉండలేరని తెలుసుగా."

మాస్టారికి కోపమొచ్చింది. రావాల్సిన కోపమే. "రెండేళ్ళు నన్ను వెర్రివెధవని చేసి ఆడించావన్నమాట! నేనేమో ఈవిడ పరువు కాపాడుతున్నాననుకుని దొంగలా వట్టికాళ్ళతో..."

"మీరు సబ్బుపెట్టెలు దిద్దుతుంటే చూడలేకపోయానండీ," అంది టైపమ్మ. ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "ఏం చేస్తే మనిషి మళ్ళీ మనిషవుతాడో తెలియలేదు. నాకొచ్చింది టైపు ఒక్కటే. ఆ పాపాయి కాగితం సరిచేసిన సాయంత్రం మీరు స్నానాల గదిలో పాట పాడారు. మూడు నెలల తర్వాత. అది విన్నాక ఇంక మానడం నా చేత కాలేదు."

కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

"మరి ఇప్పుడెందుకు తాళం వేశావు? విసుగొచ్చిందా నాతో?"

టైపమ్మ సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. తేదీ, ఏ ఉత్తరం, తప్పు పెట్టింది ఎక్కడ, పట్టుకున్నారా లేదా, అంతా ఆవిడ చక్కటి రాతలో ఉంది. మొదట్లో పేజీలన్నీ టిక్కులే. పోనుపోను మధ్యమధ్య సున్నాలు మొదలయ్యాయి.

"కుడివైపు పెట్టింది మీరు ఈ రోజుకీ ఒక్కటి వదల్లేదు. ఎడమ అంచున పెట్టింది నాలుగు నెలలుగా ఒక్కటీ పట్టుకోలేదు," అంది వేలు పెట్టి చూపిస్తూ. "మొదట అజాగ్రత్త అనుకున్నా. తర్వాత కావాలని పెద్దపెద్దవి పెట్టి చూశా. గుమ్మం మీ ఎడమ భుజానికే ఎందుకు తగులుతోంది? ఇందాక నేను పక్కనే నిలబడితే ఎందుకు కనబడలేదు? ఇరవై రెండేళ్ళుగా ఇవే ఉత్తరాలు కొడుతున్నానండీ. చూపు అంచుల నుంచి మెల్లగా పోతూ ఉంటుంది, మనిషికి మాత్రం తెలియదు. వారానికి ఇద్దరైనా ఉంటారు ఇలాంటివాళ్ళు."

"నావి డేగ కళ్ళు," అన్నాడు మాస్టారు. ఎప్పుడూ అనే మాటే గానీ, ఈసారి అందులో ప్రాణం లేదు.

"పోయిన నెల కళ్ళు చూపించుకుందామంటే ఏమన్నారు? ఆసుపత్రి గడప తొక్కితే లేని రోగాలు అంటగడతారన్నారు. మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళడం మనుషుల వల్ల అయ్యే పనేనా? అందుకని డాక్టరమ్మకి అంతా చెప్పేశా. మా ఆయన రెండేళ్ళుగా నా ఉత్తరాలు చూస్తున్నారు, తప్పు నాదే, ఇకమీదట ఆయన్ని కూడా లెక్కలోకి తీసుకోండి, గుట్టు దాటనివ్వనని సంతకం పెడతారు అన్నాను. ముందు బాగా చీవాట్లు పెట్టింది."

"తర్వాత?"

"'సరే, సంతకం పెట్టమనండి. కానీ నా ఉత్తరాలు దిద్దే కళ్ళని ముందు నేను చూడాలి, అప్పటిదాకా తాళం వేసే ఉంచండి' అంది." టైపమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ మూడింట్లో మొదటిది ఎందుకు ఎంచుకున్నానో తెలుసా? ఒకే ఉత్తరానికి ఇద్దరి కప్పలూ వేయొచ్చట. ఎవరి చెవితో వాళ్ళు తెరుచుకోవచ్చు. మీ చెవి మీరు చేసుకుందురుగాని. ముందు క్లినిక్‌కి పదండి. నాకు భయంగా ఉంది."

ఈ చివరి మాట లేకపోతే ఆయన ఇంకో గంట వాదించేవాడే. భార్య నోటి వెంట భయం అన్న మాట ఆయన ఎప్పుడూ వినలేదు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

క్లినిక్‌లో ఆయన గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి, ఒక కన్ను మూసి, చేతికి ఒక మీట ఇచ్చారు. ఎదురుగా తెల్లటి గిన్నెలాంటి దాంట్లో వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా నొక్కాలి. మాస్టారు శ్రద్ధగా నొక్కాడు. మధ్యమధ్య చాలాసేపు ఏ చుక్కా రాకపోతే యంత్రం చెడిపోయిందేమోననుకున్నాడు. యంత్రం బాగానే ఉంది. ఆ సమయమంతా ఎడమవైపు చుక్కలు వెలుగుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగింది. రెండు కళ్ళలోనూ ఉంది గానీ ఎడమదానికి దెబ్బ ఎక్కువ. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టుకోవచ్చు, రోజూ చుక్కలు వేసుకోవాలి, పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకోవాలి, బహుశా చిన్న ఆపరేషను. ఏదైనా చదివేటప్పుడు తల కాస్త ఎడమకి తిప్పి చదవడం అలవాటు చేసుకోవాలి.

"ఇంకో ఏడాది ఆగి ఉంటే నేను కూడా ఏం చెయ్యలేకపోయేదాన్ని," అంది డాక్టరమ్మ. "సాధారణంగా దీన్ని ఎవరూ ఇంట్లో కనిపెట్టలేరు."

"మా ఇంట్లో ప్రూఫు చూసే మనిషి ఉందండీ," అన్నాడు మాస్టారు.

సంతకం పెట్టాడు. ఆదివారం కోడలు వచ్చి ఆయనకీ ఒక తాళంచెవి చేసి ఇచ్చింది. రహస్యవాక్యం కొట్టేటప్పుడు టైపమ్మని పాలు చూసి రమ్మన్నాడు. ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళింది. మామగారి వాక్యం మరీ పొడుగ్గా ఉందనీ, అందులో విరామచిహ్నాలు కూడా ఉన్నాయనీ కోడలు తర్వాత మొగుడికి చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం మాస్టారు చెప్పులేసుకునే కంప్యూటరు గదిలోకి వెళ్ళాడు. తలుపు బార్లా తీసే ఉంచాడు. టైపమ్మ ఆ రోజు పడుకోలేదు, పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది. డ్రాఫ్టుల్లో తొమ్మిది ఉత్తరాలు. తన వాక్యం కొట్టగానే ఒక్కొక్కటీ బుద్ధిగా తెరుచుకున్నాయి. ఎనిమిది చూశాడు. తల ఎడమకి తిప్పి తిప్పి, ప్రతి వరసా మొదలు దాకా వెళ్ళి చూశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. తొమ్మిదోది పెద్దాసుపత్రికి రాసింది. రోగి పేరు చదివాడు. అది ఆయన పేరే.

ఇంతకాలం చూశాడే గానీ చదవలేదు. దీన్ని మాత్రం చదవక తప్పలేదు. కుడిపక్క డాక్టరమ్మ చీటీ, ఎడమపక్క ఉత్తరం. రెంటినీ మాటకి మాట పోల్చుకుంటూ వచ్చాడు. వయసు సరిపోయింది, మందు సరిపోయింది, తేదీ సరిపోయింది. ఎడమ అంచున ఒక వరస దగ్గర ఆగిపోయాడు. చీటీలో "ఎడమ కన్ను: సగం చూపు పోయింది" అని ఉంది. ఉత్తరంలో "పావు" అని ఉంది.

"దొరికిందోయ్!" అని కేకేశాడు. "ఎడమ అంచునే పెట్టావు కదూ, పరీక్షకి? చూడు, పట్టేశా!"

టైపమ్మ చేతిలో మడత అలాగే పట్టుకుని వచ్చింది. "నేనేం పెట్టలేదే. ఇంకెప్పుడూ పెట్టనని డాక్టరమ్మకి మాటిచ్చాగా."

"మరిదేంటి?"

ఆవిడ వంగి చీటీ చూసింది. ఉత్తరం చూసింది. మళ్ళీ చీటీ చూసింది. డాక్టరమ్మ రాత అక్కడ మాత్రం ఎంతో స్పష్టంగా ఉంది, ఎవరైనా చదవొచ్చు.

"పావు అని కొట్టానా నేను?" అంది. ఇరవై రెండేళ్ళలో ఎంతోమంది కళ్ళ సంగతి తొణక్కుండా కొట్టిన మనిషి, చేతిలో బట్టని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మాస్టారు ఆవిడని తన కుడిపక్కకి, బాగా కనబడేవైపుకి, తీసుకొచ్చి కూర్చోబెట్టుకున్నాడు. తప్పు కంటబడితే రెప్పపాటు ఆగలేని మనిషి, ఆ పావుని కాసేపు అలాగే ఉండనిచ్చాడు. దాన్ని చూస్తుంటే ఆయనకి ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది.

"ఇన్నాళ్ళకి నీ చేతిలో ఒక్క తప్పు పోయిందే," అన్నాడు. "అదీ నా మీద ప్రేమతో."

"దిద్దండి," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "మీరే దిద్దండి. నా వల్ల కాదు."

ఆయన తల ఎడమకి తిప్పి, "పావు" చెరిపేసి, మీటలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, "సగం" అని కొట్టాడు.